ప్రోట్‌పరామ్: ఎంజైమ్ డెన్సిటీ కోసం వెళ్లేవాళ్లకి నా రివ్యూ

ఎక్స్‌పాసీ సైట్‌లో ఉండే ప్రోట్‌పరామ్ గురించి రాస్తున్నా. ప్రోటీన్ (ఎంజైమ్‌లు దాదాపు అన్నీ ప్రోటీన్లే) సీక్వెన్స్, అంటే అమినో ఆమ్లాల వరుస ఇస్తే, దాని బరువు లాంటివి లెక్కగట్టి చెప్పే స్విస్ వాళ్ల ఉచిత టూల్. లాగిన్ లేదు, ఓటీపీ గోల లేదు, చూడ్డానికి పాతకాలం పేజీలా ఉంటుంది గానీ ఫోన్‌లో కూడా టక్కున తెరుచుకుంటుంది. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా వర్సిటీ బయోకెమిస్ట్రీ పిల్లలు ప్రాజెక్టు టైమ్‌లో ఎలాగూ దీని దగ్గరికే వస్తారు. ఐదుకి నాలుగు మార్కులు ఇస్తా, ఒకటి కోసింది ఎందుకంటే డెన్సిటీ ఇది చెప్పదు.

మా జూనియర్ హాస్టల్ నుంచి అదే టెన్షన్‌తో ఫోన్ చేసింది, "అక్కా, బరువుంది, పీఐ (ప్రోటీన్ మొత్తం ఛార్జ్ సున్నా అయ్యే పీహెచ్) ఉంది, డెన్సిటీ ఎక్కడుందక్కా, కిందికంటా చూసినా కనబడలా" అని. ఉండదమ్మా, మనమే లెక్క కట్టుకోవాలి. కావలసిన సరుకంతా మాత్రం అక్కడే ఉంది.

కోడిగుడ్డు లైసోజైమ్‌నే తీసుకోండి. యూనిప్రాట్ (ప్రోటీన్ల ఆన్‌లైన్ డేటాబేస్) నంబరు పీ00698 కొట్టగానే మొత్తం 147 అమినో ఆమ్లాలు కాకుండా ఏ భాగం కావాలో ఎంచుకోమంటుంది, నాకు ఈ టూల్‌లో బాగా నచ్చింది ఇదే. మొదటి 18 సిగ్నల్ పెప్టైడ్, అంటే ప్రోటీన్‌ని కణం బయటికి పంపడానికి వాడి తర్వాత కత్తిరించేసే ముక్క, గుడ్డులో ఉండే ఎంజైమ్‌లో అవి ఉండవు. 19 నుంచి 147 వరకు తీసుకుంటే 129 అమినో ఆమ్లాలు, బరువు 14,313 డాల్టన్లు (అణువుల బరువు కొలిచే యూనిట్, ఒక హైడ్రోజన్ పరమాణువు సుమారు ఒక డాల్టన్). సీక్వెన్స్ మొత్తం కాపీ చేసి పడేస్తే బరువు 16 వేలు దాటిపోతుంది. అన్నట్టు, నాలుగు డైసల్ఫైడ్ బంధాల్లో (రెండు గంధకం పరమాణువుల మధ్య ముడులు) పోయే హైడ్రోజన్లను ఇది తీసెయ్యదు, అసలు బరువు ఇంకో 8 డాల్టన్లు తక్కువ. డెన్సిటీకి ఆ తేడా లెక్కలోకి రాదు.

ఇక అసలు పని. ఒక గ్రాము ప్రోటీన్ నీళ్లలో ఎన్ని మిల్లీలీటర్ల చోటు తీసుకుంటుందో అదే పార్షియల్ స్పెసిఫిక్ వాల్యూమ్, దాన్ని తిరగేస్తే డెన్సిటీ. చాలా ప్రోటీన్లకి 0.73 దగ్గర ఉంటుంది కాబట్టి కళ్లు మూసుకుని మిల్లీలీటరుకి 1.37 గ్రాములు అని రాసేయొచ్చు. కాస్త ఓపికుంటే ప్రోట్‌పరామ్ ఇచ్చే అమినో ఆమ్లాల పట్టిక తీసుకుని, ఒక్కో రకం అమినో ఆమ్లం మొత్తం బరువుని దాని పార్షియల్ స్పెసిఫిక్ వాల్యూమ్‌తో గుణించి (లూసిన్‌కి 0.90, ఆస్పార్టిక్ ఆమ్లానికి 0.60, తేడా చూశారా), అన్నీ కలిపి మొత్తం బరువుతో భాగించండి. కోన్, ఎడ్సాల్ 1943లో ఇచ్చిన పద్ధతే ఇది, ఎక్సెల్‌లో అయిపోతుంది. లైసోజైమ్‌కి నాకు 0.718 వచ్చింది, అంటే డెన్సిటీ 1.39. ప్రయోగంలో కొలిచిన విలువ 0.703, అంటే 1.42. అంచనాకి ఇది చాలు, కానీ వైవాలో అడిగితే "కొలిచాం" అనకండి, "లెక్కగట్టాం" అనండి.

ఊళ్లో ఒక ప్రాజెక్టు సెంటర్ వాళ్లున్నారు, పేరెందుకులే, ఏ ఎంజైమ్ తీసుకెళ్లినా 1.35 అని ప్రింటు కొట్టి, స్పైరల్ బైండింగ్ చేసి డబ్బులు తీసుకుంటున్నారు. 1.35 తప్పని కాదు, పాఠ్యపుస్తకాల్లో ఉండే సగటే అది. ఏ ఎంజైమ్‌కైనా అదే అంకె వేసేదానికి మీ సీక్వెన్స్ ఎందుకు, మీ డబ్బులెందుకు?

ఇంకోటి, ఇది అణువు డెన్సిటీ. సీసాలో పొడి డెన్సిటీ వేరు, ద్రావణం డెన్సిటీ వేరు. మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాముల లైసోజైమ్ ఉన్న ద్రావణం ఉత్త నీళ్ల కంటే బరువయ్యేది సుమారు 3 మిల్లీగ్రాములే, మిగతా బరువు అది పక్కకు నెట్టిన నీళ్లకి సరిపోతుంది. గైడ్ ఏది అడిగారో ముందే కనుక్కోండి.

ప్రోట్‌పరామ్‌తో అసలు ఇబ్బంది చక్కెర గొలుసులున్న ఎంజైమ్‌లతోనే. ఫంగస్ నుంచి తీసే గ్లూకోజ్ ఆక్సిడేజ్ బరువులో పదో వంతుకు పైనే చక్కెర ఉంటుంది, దాన్ని ఈ టూల్ అసలు పట్టించుకోదు. ఆ చక్కెరకి పార్షియల్ స్పెసిఫిక్ వాల్యూమ్ సుమారు 0.62 వేసి విడిగా కలుపుకోవాలి, లేకపోతే డెన్సిటీ తక్కువగా వస్తుంది.