ఒక పెరట్లో రెండు టర్కీ పుంజులు: వదిలేయడమా, విడదీయడమా, ఒకదాన్నే ఉంచుకోవడమా?

చెన్నై చుట్టుపక్కల రెడ్‌హిల్స్, మాధవరం, పొన్నేరి వైపు ఇంటి వెనక కాస్త జాగా ఉన్న మనవాళ్ళు కొందరు నాటుకోళ్ళతో పాటు నాలుగైదు టర్కీలు కూడా పెంచుకుంటున్నారు. పిల్లలుగా తెచ్చుకున్నప్పుడు ఏది పుంజో ఏది పెట్టో పోల్చుకోవడం కష్టం. అయిదారు నెలలు వచ్చేసరికి రెండో మూడో పుంజులు తేలతాయి. అవి పురి విప్పి తిరగడం మొదలయ్యాక కొట్లాటలూ మొదలవుతాయి. అప్పుడు ఇంట్లో తలా ఒక మాట చెబుతారు. వదిలెయ్యండి, అవే సర్దుకుంటాయి అని ఒకరు. మధ్యలో కంచె వెయ్యండి అని ఇంకొకరు. క్రిస్మస్‌కి ఒకటి అమ్మేస్తే గొడవే ఉండదని మరొకరు.

మూడింటికీ తగిన చోటు ఉంది. ఏది మీకు సరిపోతుందో తేల్చుకోవడానికి నేను చూసేది ఒక్కటే: ఓడిన పుంజు గెలిచినదాని కంటపడకుండా తప్పుకోవడానికి మీ పెరట్లో చోటుందా? పెద్దరికం కోసం పోట్లాడుకోవడం టర్కీల స్వభావం. ఓడినదానికి దారి లేనప్పుడే అది చావుదాకా వెళ్తుంది.

పందెం కోడి ఎగిరి కాలితో కొడుతుంది. టర్కీలూ ఎగిరి తంతాయి, రెక్కలతో బాదుతాయి కానీ ఎక్కువసేపు పెనుగులాడతాయి. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ గొంతులో గురగురమంటాయి. తర్వాత మెడలు పెనవేసుకుని, ముక్కు మీద నుంచి వేలాడే తొండాన్నో మెడ చర్మాన్నో నోట కరుచుకుని, రొమ్ముతో తోసుకుంటాయి. ఆ తొండం ఉత్త అలంకారం అనుకోకండి. పొడవాటి తొండం ఉన్న పుంజును పెట్టలు ఎక్కువ ఇష్టపడతాయనీ, దాని దగ్గర మేత తినడానికి మిగతా పుంజులు వెనకాడతాయనీ పరిశోధనల్లో తేలింది. ఏదో ఒకటి తల దించి పక్కకు నడిచిపోతే మామూలుగా పోట్లాట అక్కడితో ఆగుతుంది.

కాబట్టి వదిలేయడం అనే దారిని నేను కొట్టిపారేయను. ఒకే జట్టులో పెరిగిన పుంజులైతే, జాగా విశాలంగా ఉంటే, మీరు దగ్గరుండి చూడగలిగితే అదే మేలు. మధ్యలో దూరి విడదీసిన ప్రతిసారీ లెక్క తేలకుండా ఉండిపోతుంది, మర్నాడు మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. కొద్దిగా గీరుకుపోయినా, నాలుగు ఈకలు ఊడినా కంగారుపడక్కర్లేదు.

ఎప్పుడు ఆపాలో మాత్రం తెలిసి ఉండాలి. ఓడినది నేలకు కరుచుకుని పడుకున్నా గెలిచినది మీదికెక్కి తల మీద పొడుస్తూనే ఉంటే వెంటనే ఆపండి. నెత్తురు కారినా, కన్ను మూసుకుపోయినా అంతే. ఎర్రగా కనబడిన చోటల్లా టర్కీలు పొడుస్తాయి. అప్పటిదాకా ఊరికే చూస్తున్న పెట్టలు కూడా వచ్చి ఆ గాయాన్నే పొడుస్తాయి. ఆపడానికి చేతులు పెట్టకండి, కాలి ముల్లు గట్టిగా గీరుకుంటుంది. వెడల్పాటి ప్లైవుడ్ ముక్క రెండింటి మధ్య దించండి, లేదా గెలిచినదాని మీద గోనెసంచి వేయండి.

మన ఊళ్ళో ఇంకో ప్రమాదం ఎండ. మే నెలలో మండిపోయే కత్తిరి వెయిల్ రోజుల్లో మిట్టమధ్యాహ్నం పెనుగులాడే పుంజులకు గాయాల కంటే వడదెబ్బే ముప్పు. నోరు తెరిచి, రెక్కలు దూరంగా పెట్టి ఒగరుస్తున్నాయంటే గెలుపోటముల సంగతి తర్వాత, ముందు నీడలోకి తోలి నీళ్ళు పెట్టాలి. ఆ నెలల్లో వదిలేయడాన్ని నేను అసలు ఒప్పుకోను.

వసంతం పోతే అవే చల్లబడతాయని అమెరికా వాళ్ళ వీడియోలు చూసి కొందరు ఎదురుచూస్తుంటారు. అక్కడ పగటి పొడుగు కాలాన్ని బట్టి బాగా మారుతుంది, జత కట్టే కాలం దాన్ని బట్టే నడుస్తుంది. చెన్నైలో డిసెంబరు పగలు సుమారు 11 గంటల 20 నిమిషాలు, జూన్ పగలు సుమారు 12 గంటల 50 నిమిషాలు. తేడా గంటన్నరే. సీజన్ మీద ఆశ పెట్టుకుని ఏర్పాటు వాయిదా వేయడం మంచిది కాదు.

ఇక విడదీయడం. ఇక్కడే చాలామంది డబ్బు వృథా చేసుకుంటున్నారు. ఇనప జాలీ కొని పెరడును రెండు భాగాలు చేస్తారు. పుంజులు రెండూ రోజంతా ఆ జాలీ దగ్గరే నిలబడి, తొండాలూ ముక్కులూ కన్నాల్లో దూర్చి, నెత్తురు వచ్చేదాకా పొడుచుకుంటాయి. ఓడి తప్పుకునే వీలు లేదు, గెలిచి ఊరుకునే వీలూ లేదు. శాశ్వతంగా వేరు చేయాలనుకుంటే వాటికి ఒకదాని మొహం ఒకటి కనపడకూడదు. కొబ్బరాకు తడిక, పాత రేకు, టార్పాలిన్, ఏదైనా ఫర్వాలేదు, పుంజు తలెత్తినా అవతలివైపు కనపడనంత ఎత్తులో ఉండాలి. జాలీ వేసినా దానికి తడిక కట్టాల్సిందే.

గాయం మానేదాకా మాత్రమే వేరు చేసి మళ్ళీ కలపాలనుకుంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు ఒకదానికొకటి కనపడుతూ ఉండాలి. టర్కీలు తమ జట్టులోనివాటిని గుర్తుపడతాయి, కొత్తదాని మీదే ఎక్కువ పగబడతాయి. కొన్నాళ్ళు కంటికి దూరమైన పుంజు తిరిగొస్తే దాదాపు కొత్తదాని కిందే లెక్క, పోట్లాట మళ్ళీ మొదలు. అందుకని జానెడు ఎడంతో రెండు వరసల జాలీ వేయండి. చూపు అందుతుంది, ముక్కు అందదు. తిరిగి కలిపే రోజు తీరికగా ఉన్న రోజై ఉండాలి, ఆఫీసుకు వెళ్ళే హడావుడిలో కలిపి తాళం వేసుకుని పోకూడదు.

పెరడు మరీ చిన్నది కాకపోతే, పూర్తిగా విడదీయడం కంటే అడ్డాలు పెట్టడం నాకు ఎక్కువ నచ్చుతుంది. అక్కడక్కడా రెండు తడికలు ఏటవాలుగా నిలబెట్టడం, ఒక మూల పొద పెరగనివ్వడం, దాణా తొట్టీ నీళ్ళ తొట్టీ రెండు చోట్ల, ఒకచోటి నుంచి ఇంకోటి కనపడకుండా పెట్టడం. మూలలు మూసుకుపోయి ఉండకూడదు, ప్రతి అడ్డానికీ రెండు వైపులా దారి ఉండాలి. ఓడినది నాలుగు అడుగుల్లో కంటికి మరుగైతే గెలిచినది చాలాసార్లు అక్కడితో వదిలేసి పెట్టల దగ్గరికి పోతుంది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

తొండం కత్తిరిస్తే పట్టు దొరకదు కదా అని అడిగేవాళ్ళున్నారు. ఆ పద్ధతి ఉంది, కానీ అది పిల్లలకు చేసేది: మొదటి రోజే గోటితో నొక్కి తీయడం, లేదా 3 వారాల వయసులో కత్తెరతో కత్తిరించడం. ఎదిగిన పుంజుకు చేయకండి. తొండం లేకపోయినా మెడ చర్మం ఉంది, పట్టుకునేది దాన్నే.

“ఇవి ఒకే ఈడువి, కలిసి పెరిగాయి కదక్కా, అయినా ఎందుకిలా?” అని మా వీధిలో ఒకావిడ అడిగింది. అడవి టర్కీల్లో అన్నదమ్ములు పెద్దయ్యాక కూడా జట్టుగానే తిరుగుతాయి. వాటిలో ఎవరు పెద్దో ఒకసారి పోట్లాడి తేల్చుకుంటాయి, ఆ తర్వాత ఆ వరస చాలావరకు అలాగే నిలుస్తుంది. కాలిఫోర్నియా అడవి టర్కీల మీద 2005లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం వరసలో కిందున్న తమ్ముడు తను జత కట్టకుండా, పెద్దదాని పక్కన నిలబడి పురి విప్పి సాయం చేస్తాడు. అంటే కలిసి పెరిగిన పుంజులకు మొదటి గొడవ తప్పదు, కానీ దాటిపోయే అవకాశం వాటికే ఎక్కువ. రెండు పుంజులు ఉండి తీరాలనుకునేవాళ్ళు ఒకే ఈడు పిల్లల్లోంచే పెట్టుకోండి. సంతలో బాగుందని ఎదిగిన పుంజును కొని లోపల వదలకండి.

ఇంతకీ రెండోది ఎందుకు? ఎక్కువమంది చెప్పే కారణం భయం: ఉన్న ఒక్కటీ పోతే గుడ్లు పొదగవేమోనని. టర్కీ పెట్ట ఒకసారి జత కట్టాక వీర్యాన్ని ఒంట్లో వారాల తరబడి దాచుకోగలదు, పది వారాల దాకా కూడా పిల్ల కట్టే గుడ్లు పెట్టగలదు. పుంజు హఠాత్తుగా చనిపోయినా ఇంకోదాన్ని వెతుక్కోవడానికి అంత గడువు ఉంటుంది. పైగా చెన్నై నందనంలోని పరిశోధన కేంద్రం నల్ల నాటు టర్కీని అమెరికా బెల్ట్స్‌విల్ చిన్న తెల్ల జాతితో కలిపి తీసిన నందనం టర్కీ-1 లాంటి మధ్యరకం పక్షుల్లో ఒక పుంజుకు 5 పెట్టలు లెక్క. నాలుగు పెట్టలున్న ఇంట్లో రెండో పుంజుకు పనే లేదు. ఉంటే పెట్టల వీపులు చీరుకుపోతాయి, పుంజులు కొట్టుకుంటాయి, దాణా ఖర్చు మీది.

ఆ లెక్కన రెండు పుంజులకు పది పెట్టలైనా ఉండాలి, అందుకే పది లోపు పెట్టలున్న పెరటికి నా సలహా ఒక్క పుంజే. మిగతావాటిని పోట్లాటలు ముదరకముందే అమ్మండి. క్రిస్మస్, కొత్త సంవత్సరం దగ్గర చెన్నైలో టర్కీ మాంసం కొనేవాళ్ళు ఉంటారు. గాయాలతో చిక్కిపోయిన పుంజుకు మంచి ధర రాదు. డిసెంబరు దాకా మాంసానికి మేపాలనుకుంటే పుంజులన్నిటినీ పెట్టలు కనపడని దొడ్డిలో ఒకే జట్టుగా ఉంచండి. ఎదిగిన పక్షికి షెడ్డులో 4 చదరపు అడుగులు అన్నది కనీసం, పుంజుల జట్టుకు అంతకంటే ఎక్కువే ఇవ్వాలి. ఈశాన్య రుతుపవనాల్లో రోజుల తరబడి లోపలే ఉండాల్సి వస్తే ఆ కనీసం చాలదు. మధ్యలో కొత్తదాన్ని కలపకండి.

పది పెట్టలు దాటితే, జాగా బాగా ఉంటే, అన్నదమ్ముల్లాంటి రెండింటిని అడ్డాలతో ఉంచుకోవచ్చు. రెండూ ముద్దొచ్చి ఏదీ అమ్మడానికి మనసొప్పకపోతే తడిక కట్టి పెట్టల్ని చెరిసగం పంచండి, రోజూ రెండు చోట్ల చాకిరీకి సిద్ధపడండి.

ఏ దారి పట్టినా గాయమైన పుంజును మిగతావాటి నుంచి వెంటనే తీసేయాలి. ఉప్పునీళ్ళతో కడిగి, వేపనూనెలో పసుపు కలిపి రాయండి. మన ఉక్కపోతలో ఈగలు వాలి పురుగు పట్టడానికి ఎంతో సేపు పట్టదు, కాబట్టి రోజూ పొద్దున ఈకలు విడదీసి చూడాలి. కన్ను దెబ్బతిన్నా, మెడ మీద లోతుగా చీరుకుపోయినా వేపేరిలోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. గంపలో గడ్డి పరిచి, పైన తడిగుడ్డ కప్పి, పొద్దున్నే బయల్దేరితే దారిలో పక్షి వేడికి అలిసిపోదు.