తొమ్మిదేళ్ల వాడకం తర్వాత: హెర్పిస్ ప్రోటీన్లను పట్టే మోనోక్లోనల్ యాంటీబాడీలు

పెదవి మీద పొక్కులు తెప్పించే హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ టైప్-1 మీద తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ కాలంలో మా ల్యాబ్ ఫ్రీజర్‌లోకి వచ్చి వెళ్లిన మోనోక్లోనల్ యాంటీబాడీలు, అంటే ఒకే కణం సంతతి (క్లోన్) నుంచి తయారై ప్రోటీన్‌లో ఒకే చోటును పట్టేవి, ఇరవైకి పైనే ఉంటాయి. మళ్లీ మళ్లీ తెప్పించుకున్నవి మాత్రం నాలుగైదే. కేటలాగులో ప్రతిదాని పక్కనా వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను పరిమాణం ప్రకారం విడదీసి మెంబ్రేన్ మీద గుర్తించడం), ఇమ్యునోఫ్లోరెసెన్స్ (కణాల్లో ప్రోటీన్‌ను మెరుపుగా చూడడం), ఫ్లో సైటోమెట్రీ (ఒక్కో కణం మెరుపును కొలవడం) అని వరసగా టిక్కులు ఉంటాయి గానీ, ఆ టిక్కులు చెప్పని సంగతులే నెలల పనిని వృథా చేస్తాయి. ఈ సమీక్ష వాటి గురించే.

అన్నిటికన్నా నమ్మకంగా పనిచేసినది వైరస్ పైపొరలోని గ్లైకోప్రోటీన్ డి మీద తయారైన డీఎల్6 అనే ఎలుక యాంటీబాడీ. ఇది ఆ ప్రోటీన్‌లో 272 నుంచి 279 వరకు వరసగా ఉన్న ఎనిమిది అమైనో ఆమ్లాలను గుర్తుపడుతుంది కాబట్టి, నమూనాను ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌లో ఉడికించి ప్రోటీన్ మడతలన్నీ విప్పేసినా దానికి ఇబ్బంది లేదు. టైప్-1, టైప్-2 రెండింటినీ పడుతుంది. వీరో కణాల (ల్యాబ్‌లో పెంచే కోతి కణాల) లైసేట్‌లో, అంటే కణాలను పగలగొట్టిన ద్రవంలో, 55 నుంచి 60 కిలోడాల్టన్ల మధ్య కాస్త వెడల్పుగా, అంచులు చెదిరినట్టు కనిపించే బ్యాండ్ వస్తుంది. చక్కెర గొలుసులు తగిలించుకున్న ప్రోటీన్ బ్యాండ్ అలాగే ఉంటుంది కనుక దాన్ని చూసి బ్లాట్ చెడిందనుకోనక్కర్లేదు.

అదే ప్రోటీన్ మీద హెచ్‌డీ1 అనే మరో క్లోన్ ఉంది. మా విద్యార్థిని ఒకరు దానితో మామూలు వెస్టర్న్ మూడుసార్లు చేసి, మూడుసార్లూ ఖాళీ ఫిల్మే చూసి, లోపం ట్రాన్స్‌ఫర్‌లో ఉందేమోనని బఫర్లన్నీ కొత్తగా కలిపారు. ప్రోటీన్లన్నిటినీ చూపే పొన్సో రంగు వేస్తే ప్రోటీన్లు మెంబ్రేన్ మీద చక్కగానే ఉన్నాయి. హెచ్‌డీ1 పట్టేది గ్లైకోప్రోటీన్ డి ఆకారాన్ని. ఆ ఆకారాన్ని నిలబెట్టేవి మూడు డైసల్ఫైడ్ బంధాలు. లోడింగ్ బఫర్‌లోని బీటా-మెర్కాప్టోఇథనాల్ వాటిని తెంచేశాక దానికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. బతికున్న కణాల మీద ఫ్లో సైటోమెట్రీ చేసినప్పుడు ఇదే యాంటీబాడీ డీఎల్6 కంటే శుభ్రమైన సంకేతం ఇచ్చింది. కాబట్టి దీన్ని చెడ్డదని అనను, చోటు తెలిసి వాడవలసినదని అంటాను.

ఇన్‌ఫెక్షన్ తొలి ఘట్టంలో తయారయ్యే వైరస్ ప్రోటీన్లలో ఐసీపీ4 కోసం 1981లో వెలువడిన 58ఎస్ క్లోన్‌నే ఇప్పటికీ వాడుతున్నాం. ఇన్‌ఫెక్షన్ మొదలైన రెండు, మూడు గంటలకు కేంద్రకమంతా పలచగా పరుచుకున్న ఐసీపీ4, ఆ తర్వాత చుక్కలుగా చేరి, వైరస్ డీఎన్‌ఏ తయారయ్యే గుండ్రటి మచ్చలుగా పెరగడం దీనితో స్పష్టంగా చూడవచ్చు. అదే ఘట్టపు మరో ప్రోటీన్ ఐసీపీ0 మీది 11060 క్లోన్ కూడా మంచిదే. వైరస్ డీఎన్‌ఏను కప్పే పెంకు (క్యాప్సిడ్) ప్రోటీన్ వీపీ5 విషయంలో మాత్రం క్లోన్ ఎంపిక పెద్ద మాటే. ఒకే ప్రోటీన్ ఆరేసి ప్రతులుగా 150 హెక్సాన్లలోనూ ఐదేసి ప్రతులుగా 11 పెంటాన్లలోనూ కూర్చుంటుంది, అయినా 8ఎఫ్5 క్లోన్ హెక్సాన్లను మాత్రమే, 5సీ క్లోన్ పెంటాన్లను మాత్రమే పడతాయి. వీపీ5 యాంటీబాడీ అని మాత్రమే రాసి క్లోన్ పేరు దాచే పద్ధతుల విభాగాన్ని చూస్తే అందుకే నాకు చిరాకు.

ఇక అసలు దెబ్బ తగిలిన చోటికి వస్తాను. నాలుగో ఏట, కణంలోని ఒక సొంత ప్రోటీన్ ఇన్‌ఫెక్షన్ తర్వాత కణం ఉపరితలానికి చేరుతుందా అని చూడడానికి కుందేలు మోనోక్లోనల్ ఒకటి కొన్నాం. ఇన్‌ఫెక్షన్ లేని కణాలు నల్లగా, ఇన్‌ఫెక్షన్ ఉన్నవి అంచుల వెంట ఆకుపచ్చగా మెరిశాయి. రెండు వారాలు సంబరపడ్డాం. తర్వాత ఏ లక్ష్యమూ లేని ఉత్త కుందేలు ఐజీజీ (రక్తంలో మామూలుగా ఉండే రకం యాంటీబాడీ) వేసి చూస్తే అవే అంచులు, అదే మెరుపు. వైరస్‌లోని గ్లైకోప్రోటీన్ ఈ, గ్లైకోప్రోటీన్ ఐ జతకట్టి, కణం మీద ఐజీజీ తోకను, అంటే ఎఫ్‌సీ భాగాన్ని, పట్టుకునే గ్రాహకంగా పనిచేస్తాయి. మనిషి శరీరంలో యాంటీబాడీల దెబ్బ తప్పించుకోవడానికి వైరస్ చేసుకున్న ఏర్పాటు అది. మా కవర్‌స్లిప్ మీద మా యాంటీబాడీనీ అదే పట్టుకుంది. ఇన్‌ఫెక్షన్ లేని కణంలో ఆ గ్రాహకమే ఉండదు కనుక, మనం రోజూ నమ్ముకునే నెగటివ్ కంట్రోల్ ఈ మోసాన్ని పట్టదు. గ్లైకోప్రోటీన్ ఈ లేని మ్యూటెంట్ వైరస్‌తో మళ్లీ చేశాక మెరుపు పోయింది, దానితోపాటు మా పేపరూ పోయింది.

ఈ గ్రాహకం మనిషి ఐజీజీని, కుందేలు ఐజీజీని గట్టిగా పడుతుంది, ఎలుక ఐజీజీ జోలికి దాదాపు పోదు. కొత్తగా వస్తున్న కుందేలు మోనోక్లోనళ్లు మిగతా పనుల్లో ఎంత బలమైనవైనా, ఇన్‌ఫెక్షన్ ఉన్న కణాల మీద రంగు వేసే పనికి నేను పాత ఎలుక క్లోన్లనే ఎంచుకోవడానికి కారణం ఇదే. కుందేలుది తప్పనిసరైతే ఎఫ్‌సీ లేని ఫ్యాబ్ ముక్కలు, అంటే యాంటీబాడీలో లక్ష్యాన్ని పట్టే కొనలు మాత్రమే, వాడడం మేలు. ముందుగా మనిషి ఐజీజీతో గ్రాహకాలను నింపమని కొందరు అంటారు గానీ, పెద్దవాళ్ల రక్తంలో చాలావరకు హెర్పిస్ మీద యాంటీబాడీలు అప్పటికే ఉంటాయి కాబట్టి, అవి మనకు కావలసిన చోటునే కప్పేయవచ్చు. ఉడికించిన నమూనాల వెస్టర్న్‌లో ఈ బెడద మాకు ఎదురుకాలేదు.

హెర్పిస్ కుటుంబంలోనే ఎప్‌స్టీన్-బార్ వైరస్ వాళ్లకు ఇంకో రకం పాఠం ఉంది. రొమ్ము క్యాన్సర్ కణజాలంలో ఆ వైరస్ ప్రోటీన్ ఈబీఎన్ఏ1 ఉందని చూపిన 2బీ4 అనే క్లోన్ నిజానికి కణం సొంత ప్రోటీన్ మేజ్-4ను కూడా పడుతోందని 2006లో బయటపడింది. మోనోక్లోనల్ అంటే ఒకే చోటును పడుతుందని అర్థమే గానీ, ఆ చోటు లోకంలో ఒకే ప్రోటీన్‌లో ఉంటుందని కాదు.

సరఫరా గురించి ఒక ఫిర్యాదు. ఒక పంపిణీదారు అదే క్లోన్, అదే కేటలాగ్ నంబరుతో, అసైటిస్ ద్రవానికి (ఎలుక కడుపులో ఊరిన, యాంటీబాడీ ఉన్న ద్రవం) బదులు శుద్ధిచేసిన యాంటీబాడీని మాటమాత్రం చెప్పకుండా పంపారు. గాఢత లేబుల్ మీద లేదు. పాత అలవాటుతో 1:5000 పలచన చేస్తే ఏమీ కనిపించలేదు, 1:500 దగ్గర బ్యాండ్ వచ్చింది. అప్పటినుంచి కొత్త లాట్ రాగానే పాత లైసేట్ మీద నాలుగు పలచనలు వేసి చూశాకే 10 మైక్రోలీటర్ల చొప్పున పంచి మైనస్ 20లో పెడుతున్నాం.

ఈసారి ఆర్డర్‌లో డీఎల్6, 58ఎస్, 11060 ఉన్నాయి. ఆ కుందేలు యాంటీబాడీ సగం వయల్ ఇంకా ఫ్రీజర్ తలుపు పక్కనే ఉంది. కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారం దానితోనే రంగు వేయించి, ఐజీజీ కంట్రోల్ స్లైడ్ మాత్రం మరుసటి రోజు చూపిస్తాను.