"రెండుసార్లే వేసుకున్నా చెల్లీ" అంటే నమ్మకండి

ఒళ్ళు మండిపోతూ రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. ఫీనిక్స్ వాట్సాప్ గ్రూపులో హైకింగ్ సామాన్లు అమ్మే ఆవిడ ఎవరో చెప్పక్కర్లేదు, పేరు రాస్తే అడ్మిన్ నన్నే తీసేస్తాడు. పరియా కాన్యన్ (యూటా-అరిజోనా సరిహద్దులో నదిలోనే నడుస్తూ వెళ్ళే ఇరుకు లోయ) ట్రిప్‌కి డబ్బు కట్టేశా, అందరం ఆడవాళ్ళమే, ఒక గైడ్, వైట్ హౌస్ అనే చోట మొదలెట్టి (ఆ వైట్ హౌస్ కాదు) లీస్ ఫెర్రీ దాకా 38 మైళ్ళు, నాలుగు రోజులు. ఇంకా 12 రోజులే ఉంది. బ్యాక్‌ప్యాక్, షూస్ కలిపి 160 డాలర్లంది, "హ్యూస్టన్‌లో ఉన్నప్పుడు కొన్నా చెల్లీ, రెండుసార్లే వేసుకున్నా, ఆరేళ్ళుగా గరాజ్‌లో డబ్బాలోనే ఉన్నాయి" అంది. చూస్తే నిజంగానే మచ్చ లేదు. బ్యాంకు యాప్‌లో జెల్ (Zelle) కొట్టి డబ్బు పంపేసి, టీ తాగి, థాంక్స్ అక్కా అని కూడా చెప్పి వచ్చా.

శనివారం ప్రాక్టీస్‌కని ఇక్కడి క్యామెల్‌బ్యాక్ కొండ ఎక్కా, ఎకో కాన్యన్ వైపు నుంచి. బరువు అలవాటవ్వాలని బ్యాగులో 20 పౌండ్ల సోనా మసూరి సంచి పెట్టుకున్నా, నవ్వకండి. కమ్మీలు పట్టుకుని ఎక్కే చోటు దాటాక ఎడమ కాలి కింద టప్ టప్ మంటోంది, చూస్తే సోల్ ముందు నుంచి మడమ దాకా ఊడి మొసలి నోరు తెరిచినట్టుంది. వేలు పెడితే లోపలి స్పాంజి పొడిపొడిగా రాలుతోంది. పది నిమిషాలకి కుడిది కూడా. జడ రబ్బర్లతో కట్టుకుని, సగం దూరం కూర్చుని జరుగుతూ దిగా. ఆ సోల్ పాలీయురెథేన్ అట, వాడకుండా ఏళ్ళ తరబడి దాచినా తేమకీ వేడికీ దానంతటదే చివికిపోతుందట, షూ షాపతను చెప్పాడు.

సరే, ఆవిడకీ తెలిసుండదులే అని ఫోటోలు పెట్టి మర్యాదగానే అడిగా, సగమిచ్చినా చాలక్కా అని. బ్లూ టిక్కులు పడ్డాయి. గంట తర్వాత వాయిస్ మెసేజ్, వెనకాల సీరియల్ మోగుతోంది, నవ్వుతూ అంటోంది: "షూస్ బానే ఉన్నాయమ్మా, నీ బరువు, దానిమీద బియ్యం బస్తా, ఏ షూ ఆగుద్ది చెప్పు?" బియ్యం సంగతి చెప్పింది నేనే, నా నోటిదూల. మూడుసార్లు విన్నా అది. ఇద్దరు పిల్లలు పుట్టాక మొదటిసారి నాకోసం పెట్టుకున్న ట్రిప్, ఈ ఒంటితో నడవగలనా అని రోజూ భయపడి చస్తున్నా, ఆ భయం కూడా ఆవిడకే చెప్పుకున్నా, ఆ టీ తాగుతూనే. వెంటనే నన్ను బ్లాక్ చేసింది. సాయంత్రం గ్రూపులో మాత్రం "ట్రెకింగ్ పోల్స్, లైక్ న్యూ, 30 డాలర్లు సిస్టర్స్" అని దండం బొమ్మతో పోస్టు.

బ్యాంకుకి ఫోన్ చేస్తే మీరే పంపారు కదా మేడమ్ అన్నారు. నిజమే, నేనే పంపా, తెలివైనదాన్ని కదా. గైడ్ లిస్టులో వాటర్‌ప్రూఫ్ బూట్లు వద్దు, రోజంతా నదిలోనే నడక, లోపలికెళ్ళిన నీళ్ళు బయటికి పోవు, జాలీ ఉన్న షూస్, నియోప్రిన్ సాక్స్ తెచ్చుకోండి అని రాసే ఉంది. నేనేమో మలం సంచుల పేరా దగ్గరే ఆగిపోయా (అవును, మనది మనమే మోసుకురావాలి). ఆవిడ అమ్మిన షూసే అక్కడ రెండో రోజు, ఇరుకు గోడల మధ్య, సిగ్నల్ లేని చోట, మోకాల్లోతు నీళ్ళలో ఊడుంటే?

పాత షూస్ కొనేముందు బాగా వంచి చూడండి, సోల్ పక్కన బొటనవేలితో నొక్కితే పగుళ్ళొస్తే వదిలేయండి. డబ్బులు ఆ తర్వాతే. బ్యాక్‌ప్యాక్ మాత్రం బానే ఉంది, అబద్ధమెందుకు, నడుం బెల్టు చక్కగా సరిపోయింది, నా బరువుకి కూడా.