బోర్డు రిట్రీట్: సిటీ హోటల్లో ఒక రోజా, దేవనహళ్లి వైపు ఒక రాత్రా?

ఆఫీసు బెంగళూరులో, డైరెక్టర్లలో సగం మంది హైదరాబాదు, విజయవాడ, చెన్నైల్లో. ఇలాంటి కంపెనీ బోర్డు రోజువారీ పనులు పక్కనపెట్టి పెద్ద ప్రశ్నల మీద తీరిగ్గా కూర్చోవాలంటే, అంటే రిట్రీట్ పెట్టుకోవాలంటే, రెండు దారులుంటాయి. ఎంజీ రోడ్డు దగ్గర హోటల్ హాలు తీసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోవడం ఒకటి, ఎయిర్‌పోర్టు ఉన్న దేవనహళ్లి, నంది హిల్స్ వైపు రిసార్టులో ఒక రాత్రి ఉండటం రెండోది.

తేల్చాల్సిన ప్రశ్న ఒక్కటే అయితే సిటీ చాలు. ఖర్చు తక్కువ, అందరి తేదీలూ తేలిగ్గా కుదురుతాయి. చిక్కల్లా సమయంతోనే. ఊళ్లోవాళ్లు “గంటలో వచ్చేస్తా” అని ఆఫీసుకు లేస్తారు. బయటి నుంచి వచ్చినవాళ్లకు నాలుగింటికే ఫ్లైటు ధ్యాస పడుతుంది. ఎయిర్‌పోర్టు సిటీ నడిబొడ్డు నుంచి సుమారు 35 కిలోమీటర్లు, సాయంత్రం ఆ దారిలోని హెబ్బాళ కూడలి దాటేదాకా ఎంతసేపు పడుతుందో చెప్పలేం. కాగితం మీద ఎనిమిది గంటలున్నా చర్చకు దక్కేది ఐదే అనుకుని ప్లాన్ చేయండి.

సీఈఓ తర్వాత ఎవరు, కొత్త వ్యాపారంలో దిగాలా వద్దా, కంపెనీని చేతిలో ఉంచుకున్న ప్రమోటర్ కుటుంబానికీ, కంపెనీతో వేరే లావాదేవీలు లేని స్వతంత్ర డైరెక్టర్లకూ మధ్య నలుగుతున్న విషయం ఏం చేయాలి? ఇలాంటివైతే రాత్రి బసే మేలు, ఇందులో మాకు సందేహం లేదు. మొదటి రోజు మధ్యాహ్న భోజనంతో మొదలుపెట్టి మర్నాటి భోజనంతో ముగించండి. పొద్దున ఫ్లైటు దిగినవాళ్లు సిటీలోకి వెళ్లకుండా నేరుగా వచ్చేస్తారు. మొదటి సాయంత్రం అభిప్రాయభేదాలు బయటికి రానివ్వాలి, ఏదీ తేల్చకూడదు. నలుగురిలో అనలేని మాట రాత్రి భోజనాల దగ్గర ఇద్దరి మధ్య వస్తుంది. పొద్దున తొమ్మిదికి అదే ప్రశ్న మళ్లీ ఎత్తితే పట్టుదలలు కొంత సడలి ఉంటాయి. శని, ఆదివారాలు మాత్రం వద్దు, సూర్యోదయం చూడటానికి వచ్చే జనంతో నంది రోడ్డు కిక్కిరిసిపోతుంది. గురు, శుక్రవారాలు నయం.

ఎక్కడ పెట్టినా రిట్రీట్‌ను చెడగొట్టేది అజెండాయే. పన్నెండు అంశాలు, అరవై స్లైడ్లు పెడితే అది మామూలు సమీక్ష అయిపోతుంది. రెండు ప్రశ్నలు, మహా అయితే మూడు. పదిహేను పేజీలు మించని నోట్ పది రోజుల ముందే అందాలి. అంతకుముందే ఒక్కో డైరెక్టరుతో అరగంట ఫోన్లో మాట్లాడితే ఎవరి మనసులో ఏముందో తెలుస్తుంది.

చర్చ నడపడానికి మామూలుగా చైర్మనే చాలు, కానీ తన మాట చివర్లో చెప్పాలి. ముందే చెబితే మిగతావాళ్లు సర్దుకుపోతారు. వివాదంలో ఆయనే ఒక పక్షమైతే బయటి మనిషిని పిలవండి. షేర్లు స్టాక్ ఎక్స్ఛేంజిలో ఉన్న లిస్టెడ్ కంపెనీ అయితే ఒక జాగ్రత్త: షేరు ధరను కదిలించగల రహస్య సమాచారం ఆ మనిషి చెవిన పడితే, షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల కింద ఆ మనిషి పేరు, పాన్ కంపెనీ డిజిటల్ డేటాబేస్‌లో నమోదు చేయాలి.

రిట్రీట్‌లో అందరూ తలూపినంత మాత్రాన అది తీర్మానం కాదు. అక్కడే బోర్డు సమావేశం కూడా జరపాలంటే కంపెనీల చట్టం, 2013 సెక్షన్ 173 ప్రకారం మామూలుగా కనీసం 7 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. స్వతంత్ర డైరెక్టర్లు మేనేజ్‌మెంట్ లేకుండా ఏటా ఒకసారైనా విడిగా కలవాలని అదే చట్టం షెడ్యూల్ 4 చెబుతుంది. రాత్రి బస ఉంటే రెండో రోజు పొద్దున ఎనిమిదికి వాళ్లకో గంట ఇవ్వొచ్చు, సిటీ ప్లాన్‌లో ఆ గంట దొరకదు.