అఫ్రిదియా, రజాకా? ఏడో నంబరు ఎవరిది?

పాకిస్తాన్ ఆల్‌రౌండర్ అనగానే ఇమ్రాన్, వసీం అక్రమ్ తర్వాత మనవాళ్ల నోటికొచ్చే పేరు షాహిద్ అఫ్రిది. అదే జట్టులో, ఇంచుమించు అదే కాలంలో ఆడిన అబ్దుల్ రజాక్ మాత్రం ఎవరైనా గుర్తుచేస్తే తప్ప గుర్తుకు రాడు. వన్డే జట్టు బ్యాటింగ్ వరసలో ఏడో నంబరు ఒక్కటే ఖాళీగా ఉంటే ఇద్దరిలో ఎవరిని తీసుకోవాలి? మా స్నేహితుల మధ్య ఈ గొడవ ఏళ్లుగా తెగడం లేదు.

లెక్కలు చూస్తే గొడవే అక్కర్లేదు. వన్డేల్లో అఫ్రిది 398 మ్యాచ్‌ల్లో 8,064 పరుగులు చేశాడు, సగటు 23.57. రజాక్ 265 మ్యాచ్‌ల్లో 5,080 పరుగులు, సగటు 29.70. బౌలింగ్‌లో అఫ్రిదికి 395 వికెట్లు, ఒక్కోదానికి 34.51 పరుగులు. రజాక్‌కి 269, ఒక్కోదానికి 31.83. రెండు సగటుల్లోనూ రజాక్‌దే పైచేయి. స్ట్రైక్ రేటులో మాత్రం అఫ్రిది 117, రజాక్ 81. ఆ 117తో పాటే 30 డకౌట్లు కూడా వచ్చాయి, అది వేరే సంగతి.

అసలు అఫ్రిదిని మనం తప్పుగా చదువుతున్నామేమో అని నాకో అనుమానం. 1996లో ముస్తాక్ అహ్మద్ గాయపడితే అతని బదులు నైరోబీకి పిలిపించింది ఒక లెగ్ స్పిన్నర్‌ని. ఆ కుర్రాడు తన రెండో వన్డేలో, బ్యాట్ పట్టిన మొదటిసారే, శ్రీలంక మీద 37 బంతుల్లో సెంచరీ కొట్టాడు. పదిహేడేళ్లకు పైగా నిలిచిన రికార్డు అది. ఆ రోజు నుంచి జనం అతని దగ్గర నైరోబీనే అడిగారు, అతనూ ప్రతి మ్యాచ్‌లో నైరోబీనే ఆడబోయాడు. రెండో బంతికే గాల్లోకి లేపి లాంగాన్‌లో దొరికిపోయి వెళ్లిపోతుంటే పాకిస్తాన్ అభిమానులకి తల కొట్టుకోవడం ఒక్కటే మిగిలేది. పది ఓవర్లు మాత్రం బుద్ధిగా వేసేవాడు. 2011 ప్రపంచకప్‌లో జహీర్ ఖాన్‌తో సమానంగా 21 వికెట్లు తీశాడు. 2013లో గయానాలో వెస్టిండీస్ మీద 76 పరుగులు చేసి, ఆపైన 12 పరుగులకే 7 వికెట్లు పడగొట్టాడు. అఫ్రిదిని బ్యాటర్ అనుకుంటే ఒళ్లు మండుతుంది. బౌలర్ అనుకుంటే ఆ కొట్టే పరుగులన్నీ కొసరు.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. టెస్టుల్లో అతని బ్యాటింగ్ సగటు 36.51, రజాక్‌ది 28.61. చెన్నైలో 1999లో కొట్టిన 141 మనకి ఇంకా చేదుగానే ఉంది. బాగా కుదిరిన ఆటని 27 టెస్టులకే వదిలేశాడు మహానుభావుడు.

రజాక్ కథ వేరు. ఇతనిలో లోపం నిలకడ కాదు, చోటు. ఒక రోజు పైన పంపుతారు, ఇంకో రోజు ఎనిమిదిలో. 20 ఏళ్లకే గాలేలో టెస్టు హ్యాట్రిక్ తీశాడు. సిడ్నీలో ఆస్ట్రేలియా పేసర్ మెక్‌గ్రాత్ వేసిన ఒక్క ఓవర్‌లో వరసగా ఐదు ఫోర్లు కొట్టాడు. మోకాలి గాయంతో 2007 వన్డే ప్రపంచకప్ పోయింది, అదే ఏడాది టీ20 ప్రపంచకప్ జట్టులోకి తీసుకోలేదు, ఆ కోపంలోనో ఏమో బోర్డుల గుర్తింపు లేని ఇండియన్ క్రికెట్ లీగ్ (ఐసీఎల్)లో చేరి మన హైదరాబాద్ హీరోస్‌కి ఆడాడు. దాంతో దేశం జట్టుకి దూరమై 2009 దాకా మళ్లీ రాలేదు. అఫ్రిది కూడా 2008లో ఐపీఎల్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ తరఫున హైదరాబాద్ వచ్చాడు. జనం సిక్సర్ల కోసం ఎదురుచూస్తే 10 మ్యాచ్‌ల్లో 81 పరుగులు చేసి, 9 వికెట్లు తీశాడు. నేను పైన చెప్పింది ఇదే.

టీ20 అయితే మారు మాట లేకుండా అఫ్రిదే. 2009 ప్రపంచకప్ సెమీస్‌లోనూ ఫైనల్లోనూ అర్ధసెంచరీలు అతనివే. ఆ ఫైనల్లో రజాక్ 20 పరుగులకి 3 వికెట్లు తీశాడన్నది ఎంతమందికి గుర్తుంది?

వన్డేలో నా ఓటు రజాక్‌కే. 2010 అక్టోబర్ 31న అబుదాబిలో దక్షిణాఫ్రికా మీద 287 కొట్టాలి. రజాక్ 72 బంతుల్లో 109 నాటౌట్, పది సిక్సర్లు. ఒక్క వికెట్, ఒక్క బంతి మిగిలుండగా గెలిపించాడు. ఆ రోజు కెప్టెన్ ఎవరనుకున్నారు, అఫ్రిదే.

ఇది చెప్పగానే మావాడొకడు 2014 మీర్పూర్ తీస్తాడు. ఆసియా కప్‌లో మన మీద, చివరి ఓవర్‌లో 10 పరుగులు కావాలి, రెండే వికెట్లు ఉన్నాయి. అశ్విన్ బౌలింగ్‌లో అఫ్రిది వరసగా రెండు సిక్సర్లు. టీవీ కట్టేసి అన్నం తినకుండా పడుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. వాడికి నా దగ్గర జవాబు లేదు. అయినా ఏడో నంబరు రజాక్‌దే, అఫ్రిది ఎనిమిదిలో వస్తే రమ్మను.