బోరు నీటికి ఇంటి ఆర్వో: టీడీఎస్ మీటరు చెప్పని సంగతి

కోనసీమలో బోరు నీళ్ల మీద ఏళ్లతరబడి నడిచిన మిషను ఇది. మడ్డిని ఆపే ఒక స్పన్ ఫిల్టరు, రెండు కార్బన్ క్యాట్రిడ్జులు, ఉప్పుని ఆపే సన్నని పొర అయిన మెంబ్రేన్ (రోజుకి 75 గ్యాలన్లది), 24 వోల్టుల పంపు. ఉప్పదనం తీయడంలో వంక పెట్టక్కర్లేదు. లోపలికి 1,100 టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, మిల్లీగ్రాముల్లో) వెళితే బయటికి 60 వస్తుంది.

దీన్ని పాడుచేసేది ఇనుము. తోడినప్పుడు తేటగా ఉన్న నీళ్లకి తెల్లారేసరికి బకెట్ అడుగున ఎర్ర మడ్డి, పైన నూనెలాంటి తెట్టు. టీ పెడితే నల్లబడుతుంది. అవే నేరుగా మిషనుకిస్తే స్పన్ నెల తిరక్కుండానే తుప్పు రంగుకొస్తుంది, కరిగిన ఇనుము దాన్ని దాటి మెంబ్రేన్ మీద పేరుకుంటుంది. ట్యాంకులో పడే పైపుకి చిల్లులు పెట్టి గాలి తగలనివ్వాలి, రాత్రంతా తేరనివ్వాలి, అడుగుకి జానెడు పైనుంచి మిషనుకి లైను ఇవ్వాలి. ఆ మడ్డి కూరమడిలో పొయ్యొద్దు. నీళ్లలో ఆర్సెనిక్ ఉంటే ఇనుముకి అంటుకుని అందులోకే దిగుతుంది.

అసలు మోసం టీడీఎస్ ఎడ్జస్టర్ దగ్గర. రుచి కోసమంటూ మెకానిక్ తిప్పే ఆ చిన్న మర, మెంబ్రేన్ గుండా వెళ్లని నీళ్లని మళ్లీ మంచినీళ్లలో కలుపుతుంది. మధ్యలో యూఎఫ్ (మడ్డినీ సూక్ష్మజీవుల్నీ ఆపే ఇంకో ఫిల్టరు) ఉన్నా కరిగిన లోహాన్ని ఆపలేదు. బోరులో లీటరుకి 50 మైక్రోగ్రాముల సీసం ఉందనుకోండి. ఐదో వంతు కలిస్తే 10 మైక్రోగ్రాములు, అంటే తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 పెట్టిన పరిమితి మొత్తం, ఆ కలిపిన నీళ్లతోనే గ్లాసులోకి చేరింది. మీటరు మాత్రం 270 చూపిస్తుంది, అందరూ సంతోషిస్తారు. లోహం ఉందని తేలిన ఇంట్లో ఆ మర బిగించేయాల్సిందే. మీటరు పనికొచ్చేది మెంబ్రేన్ ఎలా ఉందో చూడటానికే: మర మూసి కొలిస్తే తగ్గుదల 85 శాతం కూడా లేకపోతే మార్చేయండి.

గాలి తగలని బోరు నీళ్లలో ఎక్కువగా ఉండే ఆర్సెనిక్ రూపం మెంబ్రేన్‌ని కొంతవరకు దాటిపోతుంది. కాబట్టి బోరు నీళ్లూ ఆర్వో నీళ్లూ రెండూ పరీక్షకివ్వాలి. లోహాలకి ల్యాబ్‌వాళ్లు నైట్రిక్ యాసిడ్ వేసిచ్చే ప్లాస్టిక్ సీసానే వాడాలి, దాన్ని కడగకూడదు. కాలవలు కట్టేసిన వేసవిలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి చాలు. మరిగిస్తే లోహం పోదు, నీళ్లు తగ్గి ఇంకా చిక్కబడుతుంది.

లీటరు మంచినీళ్లకి రెండు మూడు లీటర్లు వృథా. అవి దొడ్డి కడగడానికి సరే, పశువుల కుడితిలో మాత్రం కలపొద్దు.