వారానికొక ఎముకల మాత్ర: ఆలెండ్రోనేట్ 70 మి.గ్రా.

ఎముకలు గుల్లబారినవాళ్లకు డాక్టర్లు ముందుగా రాసే మందుల్లో ఇదొకటి. 1995 నుంచి వాడకంలో ఉంది. అప్పటికే వెన్నుపూస విరిగిన ఆడవాళ్లకు మూడేళ్లు ఇచ్చి చూస్తే, కొత్త పూసలు విరగడం, తుంటి విరగడం దాదాపు సగానికి తగ్గాయి. మందుగా మంచి మార్కులే ఇవ్వాలి. చిక్కంతా వేసుకునే తీరులోనే.

పరగడుపున మింగినా ఒంటికి పట్టేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. కాఫీతో మింగితే ఆ కాస్తలోనూ 60 శాతం దాకా పోతుంది. పాలతోనో క్యాల్షియం మాత్రతోనో వేసుకుంటే వేసుకోనట్టే. నిద్ర లేవగానే పెద్ద గ్లాసు నిండా, 200 మి.లీ.కి తగ్గకుండా, మంచినీళ్లతో మింగాలి. గుక్కెడు నీళ్లతో మింగి మళ్లీ నడుం వాలిస్తే మాత్ర అన్నవాహిక గోడకు అతుక్కుని అక్కడే కరిగి పుండు చేస్తుంది. అరగంట కూర్చోండి, నడవండి, పడుకోవద్దు. మింగుతుంటే నొప్పి, గుండెల్లో మంట మొదలైతే మాత్ర ఆపి డాక్టరుకు చెప్పాలి. థైరాయిడ్ మాత్ర కూడా ఉంటే ఆ రోజు ముందు ఇది, అరగంట ఆగి అది. క్యాల్షియం మధ్యాహ్నం భోజనం తర్వాత వేసుకోవచ్చు. వారం మరిచిపోతే గుర్తొచ్చిన మర్నాడు పొద్దున ఒకటే వేసుకోవాలి, ఒకే రోజు రెండు వద్దు.

ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టి-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ల ఎముకలతో పోల్చి ఇచ్చే అంకె) -2.5 గానీ అంతకన్నా కింద గానీ ఉన్నవాళ్లకు, కాస్త తూలిపడితేనే తుంటో పూసో విరిగినవాళ్లకు ఇది అవసరం. చిన్న వయసులోనే గర్భసంచితో పాటు అండాశయాలూ తీయించుకున్నవాళ్లు, కీళ్లవాతానికో ఆస్తమాకో నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగేవాళ్లు డాక్టరును కలవడానికి నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. గుల్ల ఎముక విరిగేదాకా నొప్పి పెట్టదు మరి.

కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ నిమిషానికి 35 మి.లీ. కన్నా తక్కువైతే ఇది వద్దు. రక్తంలో క్యాల్షియం, విటమిన్ డి తక్కువుంటే ముందు వాటిని సరిచేయాలి. పన్ను పీకించాల్సి ఉంటే మందు మొదలుపెట్టే ముందే పీకించుకోవడం మేలు, దవడ ఎముక మానకపోయే ప్రమాదం అరుదుగానైనా ఉంది. తొడలో సలుపు వస్తే ఎక్స్‌రే తీయించాలి. అయిదేళ్లకు ఇంకా కావాలా అని డాక్టరును అడగాలి.

ఇదే జబ్బుకు ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ సూదికి ఈ అరగంట బాధ లేదు. కానీ తేదీ బాగా దాటినా, మధ్యలో మానేసినా ఒకటికి రెండు పూసలు విరగొచ్చు. సూదికి వేళకు తీసుకెళ్లే మనిషి ఇంట్లో లేకపోతే ఈ మాత్రే నయం. ఎముకలో చేరిన ఆలెండ్రోనేట్ మానేశాక కూడా కొన్నేళ్లు అక్కడే ఉంటుంది.